మెరుపు కార్డు విల్లులా వంగితే? ఐస్ హాకీ కార్డులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా దగ్గరున్న ఐస్ హాకీ కార్డుల్లో ముందు వైపు మెరిసేవన్నీ మార్చి దాటేసరికి విల్లులా వంగిపోయాయి. మామూలు అట్ట కార్డులు బాగానే ఉన్నాయి. సన్న మంట మీద ఇస్త్రీ పెట్టె వేడిచేసి, గుడ్డ అడ్డం పెట్టి రుద్దితే సరిపోతాయా? – ఓ పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ఇస్త్రీ జోలికి వెళ్ళకండి. మెరుపు పొర బుడగలు లేస్తుంది, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు.

ఆటగాళ్ళ బొమ్మలతో సేకరించేవాళ్ళ కోసం అచ్చేసే ఈ కార్డుల్లో మెరిసేవాటికి ముందు పక్క ప్లాస్టిక్ లేదా రేకు పొర, వెనక పక్క కాగితం. కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. ముందున్న పొర ఆ రెండూ చేయదు. మన వైపు ఏప్రిల్, మే నెలల పొడిగాలికి కాగితం తేమ పోయి కుంచించుకుంటుంది. దాంతో కార్డు వెనక్కి వంగి బొమ్మ ఉన్న వైపు ఉబ్బుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఇది తిరగబడుతుంది, బొమ్మ వైపు గుంట పడుతుంది. కాబట్టి ముందు ఏ వైపు వంగిందో చూడండి. దాన్నిబట్టే మందు.

మీది పొడిగాలి వంపు. గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమ చూపించే చిన్న మీటరు తెచ్చుకోండి. కార్డులను స్లీవులనే పలుచటి ప్లాస్టిక్ తొడుగుల్లో వేసి డబ్బాలో పెట్టండి. వీణలు, గిటార్ల కోసం అమ్మే 49 శాతం తేమ పొట్లం ఒకటి పక్కన ఉంచండి. అది దొరక్కపోతే చిన్న గిన్నెలో గట్టిగా పిండిన తడి స్పాంజి ముక్క పెట్టొచ్చు, కార్డులకు మాత్రం తగలకూడదు. మీటరు 45 నుంచి 50 మధ్య నిలవాలి. 55 దాటితే స్పాంజి తీసేయండి. రెండు మూడు రోజులకు కార్డు మెత్తబడుతుంది. అప్పుడు టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగులోకి మార్చి, నాలుగైదు టాప్‌లోడర్లు పేర్చి, పైన ఓ లావుపాటి పుస్తకం బరువు పెట్టి వారం వదిలేయండి. బాగా పాతబడ్డ వంపు పూర్తిగా పోకపోవచ్చు, తగ్గుతుంది.

చాలామంది ఏడాది పొడవునా సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతారు. ఎండాకాలంలో మన జిల్లాలకు అవి దండగ, పైగా ఉన్న వంపును పెంచుతాయి. వానాకాలానికి దాచుకోండి. ఇంకో సంగతి: నీళ్ళ కూలర్ తిరిగే గదిలో కార్డులు పెట్టొద్దు. రాత్రంతా తేమ, పగలు కూలర్ ఆపగానే పొడి. రోజూ ఈ ఎక్కిదిగే తేమే కార్డుకు అసలు శత్రువు.

ప్రశ్న: వేన్ గ్రెట్స్కీ 1979-80 తొలి కార్డు, ఓ-పీ-చీ కంపెనీది, ఒకాయన ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు ఇస్తానంటున్నాడు. ఫొటోలో చూస్తే కొత్తదానిలా ఉంది. కొనొచ్చా? – ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: గ్రెట్స్కీ ఐస్ హాకీలో మేటి ఆటగాడు, ఎనిమిది వేలకు అతని అసలు తొలి కార్డు రాదు. మూలలు నలిగి, మడతలు పడ్డ కార్డుకే అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. కార్డులను పరిశీలించి పదికి గ్రేడు వేసే పీఎస్ఏ సంస్థ పదికి పది ఇచ్చిన ఒక ప్రతి 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. హాకీ కార్డుల్లో దీనికి వచ్చినన్ని నకిలీలు మరో దానికి రాలేదంటే అతిశయోక్తి కాదు. అయినా పద్ధతి తెలిస్తే రేపు ఇంకో కార్డుకు పనికొస్తుంది.

మొదట వెనక వైపు ఫొటో అడగండి. ఓ-పీ-చీ కెనడా కంపెనీ, ఒంటారియోలోని లండన్ పట్నానిది. కార్డు వెనక ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ ఉంటాయి. అదే ఏడాది అదే బొమ్మతో అమెరికాలో టాప్స్ కంపెనీ వేసిన కార్డులో ఇంగ్లిష్ ఒక్కటే. రెండింటిలోనూ కార్డు నంబరు 18. టాప్స్ కార్డు చూపించి ఓ-పీ-చీ అని చెప్పేవాళ్ళు బోలెడు మంది.

తర్వాత అంచులు. ఓ-పీ-చీ వాళ్ళు అట్టలను తీగతో కోసేవారు. అందుకే అంచులు నూగు నూగుగా, పీచులు లేచినట్టు ఉంటాయి. చుట్టూ ఉన్న నీలం పట్టీ ఏ మాత్రం రాసుకున్నా తెల్లగా పెచ్చులూడుతుంది. నాలుగు అంచులూ బ్లేడుతో కోసినంత నున్నగా ఉంటే నకిలీ అయినా కావాలి, నలిగిన అంచును తర్వాత ఎవరో కత్తిరించి అయినా ఉండాలి. అదే సెట్‌లోని చవక కార్డు ఒకటి కొని రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. కొలత 63.5 మి.మీ. × 88.9 మి.మీ. అర మిల్లీమీటరు తక్కువైనా అనుమానించాలి.

చేతికొచ్చాక భూతద్దం. ఇది మీ ఊళ్ళో సులువు: బంగారు అంగళ్ళలో కంటికి ఆనించుకునే పది రెట్ల అద్దం ఉంటుంది కదా, అదే. అసలు ముద్రణలో రంగుల బొమ్మ పువ్వుల్లా అల్లుకున్న చుక్కలతో ఉంటుంది, నల్లటి అక్షరాలు, గీతలు మాత్రం ఏకాండీగా నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి ముద్రించిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. ఈ ఒక్క పరీక్షతో చాలా నకిలీలు తేలిపోతాయి.

ఇంకా పాతవి, అంటే పార్క్‌హర్స్ట్ కంపెనీ 1951-52 సెట్‌లోని గోర్డీ హౌ, మారిస్ రిచర్డ్ లాంటి నాటి ఆటగాళ్ళ కార్డులైతే, నకిలీ నోట్లు పట్టే నీలం దీపం కింద పెట్టండి. ఈ కాలపు కాగితంలో కలిపే తెలుపు రసాయనం వల్ల అట్ట నీలంగా వెలిగితే అది కొత్త అచ్చు. వెలగకపోయినంత మాత్రాన అసలుదని మాత్రం అనుకోవద్దు.

గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసిన కార్డయితే దాని నంబరును ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి, ఫొటో ఉంటే పోల్చండి. నంబరు సరిపోతే చాలదు. నిజమైన నంబరుతో దొంగ పెట్టెలు కూడా తిరుగుతున్నాయి.

ప్రశ్న: నెలకు వెయ్యి రూపాయలే పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఓ పాఠకురాలు, ఆదోని

జవాబు: ప్యాకెట్లు కొనొద్దు, విడి కార్డులు కొనండి. అప్పర్ డెక్ కంపెనీ సెట్లలో కొత్త ఆటగాళ్ళకు వేసే యంగ్ గన్స్ కార్డు సగటున నాలుగు ప్యాకెట్లకు ఒకటి వస్తుంది. ఆ ఒకటీ మీరు కోరుకున్న ఆటగాడిదే అవుతుందన్న హామీ లేదు. పెద్ద పేరున్న ఆటగాళ్ళవి, అంటే క్రాస్బీ 2005-06 కార్డు (నంబరు 201), అదే ఏడాది ఒవెచ్కిన్ (443), మెక్‌డేవిడ్ 2015-16 (మళ్ళీ 201) మీ బడ్జెట్‌కు అందవు. 2025 ఏప్రిల్ 6న ఒవెచ్కిన్ ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 895వ గోల్ కొట్టి గ్రెట్స్కీ గోల్స్ రికార్డు దాటాడు కాబట్టి అతని కార్డు మీద మోజు కూడా ఎక్కువే. అంతగా పేరు లేని ఆటగాళ్ళవి, ఒకే జట్టువి పోగెయ్యండి.

1990-91 నాటి సీలు తీయని డబ్బాలు చవగ్గా కనిపిస్తాయి. చవక ఎందుకంటే ఆ రోజుల్లో లెక్కకు మించి అచ్చేశారు. మురిపానికి కొనుక్కోండి, లాభానికి వద్దు. వేడికి లోపలి కార్డులు ఇటుకలా అతుక్కుని ఉంటే వేళ్ళతో పీకకండి, బొమ్మ ఊడి వస్తుంది.

ప్రశ్న: మా మిద్దెలో గోడకు కడప బండతో కట్టిన గూడు ఉంది. ఆల్బమ్‌లు అక్కడే, కలరా ఉండలతో పెట్టాం. ఇబ్బందా? – ఓ పాఠకుడు, కడప

జవాబు: కలరా ఉండలు ఈరోజే తీసేయండి. వాటి ఆవిరి కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ పెట్టెలను మెత్తబరిచి మసకబారుస్తుంది, వాసన కాగితానికి పడితే పోదు. చెదల భయం ఉంటే గోడకు జానెడు ఎడం వదిలి ఇనుప బీరువాలో పెట్టండి. గూడు పడమటి గోడలో ఉంటే సాయంత్రానికి బండ వేడెక్కుతుంది. వానాకాలం గోడ నెమ్ము దిగితే ఆ చెమ్మ నేరుగా ఆల్బమ్‌కే. తొమ్మిది అరల ఆల్బమ్ పేజీలు పాలీప్రొపిలీన్‌వి కావాలి. స్టేషనరీ అంగడిలో దొరికే మెత్తటి పీవీసీ పేజీల వాసన గుప్పుమంటుంది, కాలం గడిచేకొద్దీ జిడ్డు వదిలి కార్డుకు అంటుకుంటాయి.

ప్రశ్న: విదేశంలో ఉన్న మా అన్న మ్యాచ్‌లో వాడిన పక్ ఒకటి, జెర్సీ ఒకటి పంపాడు. పక్ మీద తెల్లటి బూజు పట్టింది. కడగాలా? – ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: అది బూజు కాకపోవచ్చు. పక్ అంటే ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళ, గంధకం కలిపి ఉడికించిన రబ్బరు. అంగుళం మందం, మూడంగుళాల అడ్డు, 156 నుంచి 170 గ్రాముల బరువు. తూకంలో మన హాకీ బంతికి దగ్గరే. రబ్బరులోని గంధకం, మైనం మెల్లగా పైకి తేలి తెల్లగా కనిపిస్తాయి. పొడి మెత్తటి గుడ్డతో తుడవండి. నూనె, వ్యాసెలిన్ రాయొద్దు. సంతకం ఉంటే ఆ వైపు ముట్టుకోనే వద్దు.

జెర్సీ ఉతకొద్దు. కర్ర రాసిన నల్ల గీతలు, పక్ మరకలు, కుట్లు వేసిన చిరుగులు, ఇవే అది మ్యాచ్‌లో వాడిందనడానికి ఆధారాలు. ఆనాటి ఫొటోలతో వాటిని పోల్చి చూస్తారు. లోపల వెనక వైపు నడుం దగ్గర ప్యాంటుకు కట్టే పట్టీ ఉందో చూడండి. ఆటగాళ్ళు వేసుకునేవాటికి అది తప్పనిసరి. అయితే దుకాణాల్లో అమ్మే ఖరీదైన జెర్సీలకూ ఉంటుంది కాబట్టి అదొక్కటే రుజువు కాదు. హ్యాంగరుకు వేలాడదీస్తే భుజాలు సాగుతాయి. మడతల మధ్య తెల్లటి నూలు గుడ్డ పెట్టి పడుకోబెట్టండి.

ప్రశ్న: కెనడా నుంచి కార్డులు తెప్పించేటప్పుడు ‘గిఫ్ట్’ అని రాయిస్తే కస్టమ్స్ తప్పుతుందా? – ఓ పాఠకుడు, కర్నూలు

జవాబు: తప్పదు. సుంకాన్ని కార్డు ధరకు రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు, పైన జీఎస్టీ, కొరియర్ అయితే వాళ్ళ రుసుము వేరే. ధర తగ్గించి రాయిస్తే పార్సిల్ పోయినప్పుడు ఆ రాసినంతే చేతికొస్తుంది. అమ్మేవాళ్ళకు ఒక మాట ముందే చెప్పండి: స్లీవ్, టాప్‌లోడర్, రెండు వైపులా అట్టముక్కలు. టాప్‌లోడర్ మూతికి సెల్లోటేపు కాకుండా రంగులు వేసేవాళ్ళు వాడే కాగితపు టేపు అంటించి, కొస కాస్త మడిచి వదలమనండి. లేకపోతే బ్లేడుతో కోసేటప్పుడు కార్డు మూలే తెగుతుంది.