క్లాక్ అడగని యూఎస్‌బీ డ్రైవరు

ప్రశ్న: ఏఆర్‌ఎం చిప్ ఉన్న చిన్న బోర్డుపై లినక్స్ నడుపుతున్నాను. బూట్ సమయంలో పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది, కొద్ది క్షణాలకే యూఎస్‌బీ ఆగిపోతుంది. ఒక్కోసారి బోర్డే బిగుసుకుపోతుంది. లోపం ఎక్కడ ఉన్నట్లు?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి, డ్రైవరు (చిప్‌లో యూఎస్‌బీని నడిపే కంట్రోలర్ అనే భాగాన్ని లినక్స్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) తనకు కావలసిన క్లాకును అడగడం లేదని అనుమానించాలి. (ఇక్కడ క్లాక్ అంటే వేళ చూపే గడియారం కాదు, కంట్రోలర్‌ను నడిపించే, లయబద్ధంగా కొట్టుకునే విద్యుత్ సంకేతం.) బూట్‌లోడర్ (లినక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) ఆన్ చేసి వదిలిన క్లాకుతో డ్రైవరు కాసేపు నెట్టుకొస్తుంది, అయితే 2012లో 3.4 వెర్షన్‌తో లినక్స్‌లోకి వచ్చిన, క్లాకులను నిర్వహించే కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్, ఏ డ్రైవరూ ఆన్ చేయమని కోరని క్లాకులను బూట్ చివర్లో విద్యుత్ పొదుపు కోసం ఆపేస్తుంది. క్లాక్ అందని కంట్రోలర్ రిజిస్టరును (దాని లోపలి చిన్న డేటా గడిని) చదవబోతే కొన్ని చిప్‌లలో జవాబే రాదు. బోర్డు బిగుసుకుపోయేది అక్కడే.

బూట్ ఆదేశంలో సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ (clk_ignore_unused) అని చేర్చి చూడండి, ఎవరూ కోరని క్లాకులను ఆపవద్దని దాని అర్థం. యూఎస్‌బీ నిలబడితే రోగం తెలిసినట్లే, కానీ అది మందు కాదు.

డివైస్ ట్రీలో (బోర్డులోని హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు, అంటే లినక్స్ కేంద్ర భాగానికి, వివరించే ఫైలులో) కంట్రోలర్ క్లాకును పేర్కొని, డ్రైవరు ప్రోబ్‌లో (పరికరాన్ని సిద్ధం చేసే తొలి దశలో) రిజిస్టర్లను తాకకముందే దానిని ఆన్ చేయించాలి. ప్రోబ్ మధ్యలో విఫలమైనా, డ్రైవరును తొలగించినా ఆపించాలి. పీసీలలో పీసీఐ అనే అనుసంధానంపై ఉండే కంట్రోలర్ల డ్రైవరు ఇలా క్లాక్ అడగనక్కరలేదు, మీ బోర్డు డ్రైవరుకు అది తప్పదు. చాలామంది పొరబడేది మరొకచోట: క్లాక్ లేకపోవడం వేరు, క్లాక్ ఇచ్చే డ్రైవరు ఇంకా సిద్ధం కాకపోవడం వేరు. రెండో సందర్భంలో వచ్చిన ఎర్రర్‌ను మింగేయకుండా కెర్నల్‌కు తిరిగి ఇస్తే, అది ప్రోబ్‌ను తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది.