పాత బగ్గీ షెడ్డు కొనొచ్చా? ముందు దారి ఎవరిదో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హనుమకొండలో వేయిస్తంభాల గుడికి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక పాత దొరల ఇంటి వెనక ఉన్న బగ్గీ షెడ్డు అమ్మకానికి వచ్చింది. 180 గజాలు. గోడలు గట్టిగా ఉన్నాయి, కప్పు సగం కూలింది. మధ్యవర్తి 'బాగు చేయించుకుంటే బంగారం' అంటున్నాడు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మానాన్నల కోసం చూస్తున్నారు. కొనొచ్చా? కొంటే కూల్చి కట్టాలా, ఉన్నదాన్నే నిలబెట్టుకోవాలా?

కొనొచ్చు. మేం 2014లో వరంగల్ మట్టెవాడలో అలాంటిదే కొన్నాం, ఇప్పుడు అందులోనే ఉంటున్నాం. కానీ మీరు గోడల గురించి రాశారు, కప్పు గురించి రాశారు, ధర గురించి రాశారు. గేటు గురించి ఒక్క మాట కూడా లేదు. నాకు భయం వేసింది అక్కడే.

బగ్గీ షెడ్డు ఎప్పుడూ విడిగా కట్టిన ఇల్లు కాదు. ముందు పెద్ద ఇల్లు, దాని పక్క నుంచి బండి పోయేంత దారి, ఆ దారి చివర షెడ్డు, పక్కన గుర్రాల కొట్టం, పైన గడ్డి వేసుకోవడానికి అటక. బగ్గీలు, సవారీ కచ్చరాలు పోయి కార్లు వచ్చాక ఆ షెడ్డు కట్టెలకు, పాత సామాన్లకు మిగిలింది. పంపకాల్లో ముందు ఇల్లు పెద్ద కొడుక్కి, వెనక షెడ్డు చిన్న కొడుక్కి రాస్తారు. దారిని మాత్రం ఎవరికీ రాయరు. అన్నదమ్ములే కదా, అందరూ నడుస్తారులే అనుకుంటారు. రెండు తరాలు గడిచి షెడ్డు బయటివాళ్లకు అమ్మే రోజు వచ్చేసరికి ఆ దారి ఎవరిదో చెప్పే కాగితమే ఉండదు.

మాకు జరిగింది అదే. మా దస్తావేజులో తూర్పు హద్దు దగ్గర 'ఉమ్మడి గల్లీ' అని రెండే మాటలు ఉన్నాయి. ఎంత వెడల్పో లేదు, అందులో నుంచి మేం బండి తీసుకెళ్లొచ్చని లేదు. రిజిస్ట్రేషన్ అయిన ఇరవై రోజులకు మొదటి ఇసుక లారీ తెప్పించాం. గేటుకు కొత్త తాళం వేసి ఉంది. ముందు ఇంట్లో ఉండే, అమ్మినవాళ్ల కుటుంబంలోనే మరో వాటాదారు వేశారు. 'నడిచి పోండి, ఎవరు వద్దన్నారు? లారీకి మాత్రం దారి లేదు' అన్నారు. ఆ ఇసుకంతా రోడ్డు మీదే పోయించి, రాత్రి పదకొండు దాకా మా బాపు, నేను తట్టలతో మోశాం. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

తాళం తీయించడానికి పదకొండు నెలలు పట్టింది. కోర్టుకు పోలేదు. అమ్మినవాళ్ల మేనత్త ఒకామె కరీంనగర్‌లో ఉంటుందని తెలిసి మా అమ్మ వెళ్లి కూర్చుని మాట్లాడింది. ఆమె వచ్చి అందరినీ ఒక దగ్గర కూర్చోబెట్టింది. చివరికి వాటాదారులందరూ సంతకం పెట్టి, దారి పొడవు, వెడల్పు, బండ్లు వెళ్లే హక్కు రాసిన ఇంకో దస్తావేజు రిజిస్టర్ చేయించాం. దానికి మళ్లీ పైసలు ఖర్చయ్యాయి. అదే పని బయానా (అడ్వాన్స్) ఇవ్వకముందు అడిగి ఉంటే ఒక్క పేరా అదనంగా రాస్తే అయిపోయేది.

కాబట్టి మీరు వెళ్లినప్పుడు షెడ్డులోకి పరుగెత్తొద్దు. టేపు పట్టుకుని గేటు దగ్గర మొదలుపెట్టండి. దారి ఎక్కడ ఇరుకవుతుందో అక్కడ కొలవండి. ముందు ఇంటివాళ్ల తలుపు ఆ దారిలోకి తెరుచుకుంటుందా, వాళ్ల నీళ్లు ఆ దారిలోకే పోతాయా, చూడండి. అమ్మే ఆయనతో కాదు, ముందు ఇంటివాళ్లతో మాట్లాడండి. వాళ్లు నవ్వుతూ 'మీ దారే, తీసుకోండి' అంటే అదే మాట కాగితం మీద పెట్టించండి.

ఇక మిగతా కాగితాలు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే కాగితం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి వెతికించుకోవాలి. ఇలాంటి జాగాకు అది తప్పదు, అసలు పంపకాలు అప్పుడే జరిగి ఉంటాయి. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటాయి. మా కాగితంలో ధర హాలీ సిక్కా రూపాయల్లో, అంటే నిజాం రాజ్యపు రూపాయల్లో ఉంది. ఉర్దూ బాగా తెలిసిన ఒక రిటైర్డ్ టీచర్ చదివి చెప్పారు. ఆ కాగితంలోనే 'బగ్గీ ఆమదొరఫ్త్' అనే మాట కనిపించింది. అంటే బగ్గీ రాకపోకలు. పంచాయితీలో మమ్మల్ని గట్టెక్కించిన వాటిలో ఆ మాట ఒకటి. మీరు కూడా ఉర్దూ కాగితాలని పక్కన పడేయకుండా ప్రతి పేజీ చదివించుకోండి.

సంతకాల్లో ఆడపిల్లలను మరవొద్దు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా హక్కు ఉంది. 'చెల్లెళ్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం' అంటే ఒప్పుకోవద్దు.

ఇప్పుడు కూల్చాలా, నిలబెట్టాలా అన్నది. మీ విషయంలో ఆ నిర్ణయం చాలా వరకు మీ చేతిలో లేదు. వేయిస్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పురాతన కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. నిషిద్ధ ప్రాంతంలో కూల్చితే మళ్లీ కొత్తది కట్టనివ్వరు. 1992 జూన్ 16 కంటే ముందు నుంచి ఉన్న ఇంటిని బాగు చేయించుకోవడానికి మాత్రం అనుమతి అడగొచ్చు. నియంత్రిత ప్రాంతంలో కొత్తది కట్టాలన్నా, పాతదానికి మరమ్మతు చేయాలన్నా ముందు అనుమతి ఉండాల్సిందే. దూరం గుడి గోడ నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి లెక్క. 'నడిచి వెళ్లేంత దూరం' అన్నారు కదా, అది 90 మీటర్లా, 310 మీటర్లా అన్నదాన్ని బట్టి ఆ జాగా విలువే మారిపోతుంది. బయానా ఇవ్వకముందే కొలిపించండి. పాత ఇంటి పన్ను రసీదులు ఎన్ని దొరికితే అన్ని అమ్మేవాళ్ల దగ్గర తీసుకోండి, ఇల్లు 1992కు ముందు నుంచే ఉందని చూపడానికి అవి పనికొస్తాయి. బల్దియాలో (మున్సిపల్ ఆఫీసులో) రోడ్డు వెడల్పు విషయం కూడా అడగండి.

చట్టం సంగతి అలా ఉంచినా, కూల్చొద్దనే చెప్తాను. మా గోడలు 22 అంగుళాల మందం, రాయి, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం). మే నెలలో వరంగల్ ఎండ మీకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండింటికి మా షెడ్డులో కూర్చుంటే బాపు కూలర్ వద్దంటాడు.

కానీ ఆ గోడకు సిమెంట్ తగలనివ్వకండి. ఇది మేం చేసిన రెండో తప్పు. మొదటి మేస్త్రీ పడమర గోడకు లోపలా బయటా సిమెంట్ ప్లాస్టర్ కొట్టాడు. చూడ్డానికి నున్నగా, అందంగా వచ్చింది. రెండో వానాకాలానికి మోకాలి ఎత్తు వరకు ఉబ్బింది, వేలితో తడితే బోలుగా మోగింది. ఒక పెచ్చు తీసి చూస్తే వెనక పాత సున్నం తడిసి పిండిలా చేతికొచ్చింది, దాని మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. పునాది నుంచి గోడలోకి ఎక్కే తేమను సున్నం బయటికి వదిలేస్తుంది, సిమెంట్ వదలదు. అందుకని అది లోపలే ఉండి గోడను తింటుంది. అదంతా ఉలితో చెక్కించి, మళ్లీ గానుగ సున్నంతో చేయించాం. సున్నం నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగ పట్టాలి, పూసిన తర్వాత రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే సుతారులు (తాపీ పనివాళ్లు) మన దగ్గర ఇంకా ఉన్నారు, కాకపోతే వాళ్లకు తొందర పనికిరాదు. గోడలు మీవి నిజంగా గట్టిగా ఉన్నాయో లేదో చూడాలంటే వానాకాలంలో వెళ్లండి. 2023 జులై వానలకు ఆ గల్లీలో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో పక్కింటివాళ్లను అడగండి.

కప్పు సంగతి ఒక్కటే చెప్తాను. కూలిన సగం కంటే కూలని సగం మీద ఎక్కువ జాగ్రత్త పెట్టండి. దూలం గోడలోకి దిగే చోట చెద పడుతుంది, కింద నుంచి కనిపించదు. వడ్లాయనను (వడ్రంగిని) నిచ్చెన ఎక్కించి అక్కడ సూదితో పొడిపించండి. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పి, ఏళ్ల తరబడి పనిచేసి, మళ్లీ పేర్చి 2024 శివరాత్రికి తెరిచారు కదా. అంత పెద్ద పని కాకపోయినా మేం కూడా దూలాలకు, వాసాలకు నంబర్లు రాసి దించాం, సగానికి పైగా తిరిగి ఎక్కాయి. పాత టేకు అది, ఇప్పుడు కొనాలంటే దొరకదు.

అందుకే అగ్రిమెంట్‌లో తలుపులు, దూలాలు, ఇనుప కడ్డీలు, నేల బండలు అన్నీ పేరుపేరునా రాయించండి, ఫొటోలు జత చేయండి. మాకు బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య పెద్ద దర్వాజా రెక్కలు రెండూ మాయమయ్యాయి. అమ్మినవాళ్లు మాకు తెలియదన్నారు. గుర్రాన్ని కట్టే ఇనుప కడియం గోడకు బిగుసుకుని ఉంది కాబట్టి మిగిలింది.

గేటుకు రెండు వైపులా నేలలో పాతిన గుండ్రాళ్లు మీ దగ్గర కూడా ఉండే ఉంటాయి. బండి చక్రం ఇరుసు గోడకు తగలకుండా పెట్టినవి. మా రాయి మీద ఇనుప పట్టా ఒరుసుకుని ఒక గాడి పడి ఉంది, నా బొటనవేలు సరిగ్గా పడుతుంది అందులో. మేస్త్రీలు అడ్డమని ముందు వాటినే పీకేస్తామంటారు, పీకనివ్వకండి. మా పంచాయితీ రోజు మేనత్త అందరినీ ఆ రాయి దగ్గరికే తీసుకెళ్లి, 'బండి పోకుండానే ఈ గాడి పడిందా?' అని అడిగింది. ఆ మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు, సాయంత్రానికి తాళం తీశారు.