చిన్నీ, ముందు ఇంగువ డబ్బా చూడు

కాకినాడ

చిన్నీ,

ఎండోస్కోపీ రిపోర్టు కూడా వచ్చిందని, సీలియాక్ అని, అంటే గోధుమ పడని జబ్బని తేల్చేశారని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. తలుపేసుకుని ఏడ్చావట. ఏడిస్తే తప్పేం లేదు. నాకూ ఇదే జబ్బని తెలిసిన రోజున నేను ఏడవలేదు గానీ, ఆసుపత్రి నుంచి వస్తూ దారిలో దిగి రెండు కాజాలు కొనుక్కు తిన్నాను, ఇక ఈ జన్మలో తినను కదా అని. దానికి ఆ రాత్రంతా అనుభవించాను. అప్పుడు నాకు 49, ఇప్పుడు 62. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నా.

ముందు మీ నాన్న సంగతి. "అమ్మాయికి తోడుగా నేనూ గోధుమ మానేస్తా" అంటున్నాడు. ఇప్పుడే వద్దని చెప్పు. చెల్లెలినైన నాకుంది, కూతురివైన నీకుంది, మధ్యలో ఉన్నది ఆయనే. సీలియాక్ ఉన్నవాళ్ళ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఇది ఉంటుంది. కాబట్టి ముందు ఈ జబ్బుని పట్టిచ్చే టీటీజీ రక్తపరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానేశాక చేయిస్తే ఉన్నది కూడా కనబడకపోవచ్చు. నీ తమ్ముడికీ చేయించండి. ఇదే మాట 13 ఏళ్ళ కిందట చెబితే "నాకేం రోగమే" అని నవ్వేశాడు మా అన్నయ్య. ఈసారి నవ్వనివ్వకు.

జబ్బు గురించి డాక్టరు చెప్పే ఉంటాడు. గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఇంకో ధాన్యం) గింజల్లో ఉండే గ్లూటెన్ తింటే మన ఒళ్ళే మన చిన్నపేగు మీద పడుతుంది. పేగు లోపల నూగులాంటి పొర అరిగిపోయి, తిన్నది ఒంటికి పట్టదు. నాకు విరేచనాల కంటే రక్తం తక్కువ కావడమే పెద్ద బాధ. మూడేళ్ళు ఐరన్ మాత్రలు మింగాను. గ్యాస్ ట్రబుల్‌కి మందులిచ్చారు గానీ, ఇన్ని మాత్రలు వేసినా రక్తం ఎందుకు ఎక్కట్లేదని ఎవరూ అడగలేదు. దీనికి మందు లేదు, తిండే మందు. ఐరన్, బి12, విటమిన్ డి పరీక్షలు మాత్రం డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకో. మొదటి కొన్ని నెలలు పాలు కూడా పడకపోవచ్చు, కంగారుపడకు. పేగు బాగుపడ్డాక చాలామందికి మళ్ళీ పడతాయి.

మనం అన్నం తినేవాళ్ళం, చపాతీ మానేస్తే సరిపోతుందిలే అనుకున్నాను నేను. నిజమే, మనకి లోటు లేదు. ఇడ్లీ, మినపట్టు, పెసరట్టు, దిబ్బరొట్టె, రాగి సంకటి, కొర్రన్నం, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, ఏవీ మానక్కర్లేదు. బొంబాయి రవ్వ ఉప్మా, సేమ్యా, పూరీ, మైసూర్ బజ్జీ, బొబ్బట్లు, కాజాలు మానేశాను. అంతా సరిగ్గానే చేస్తున్నా అనుకుంటే, ఎనిమిది నెలల తర్వాత కూడా రక్తపరీక్షలో ఈ జబ్బుకి పెరిగే యాంటీబాడీలు పెద్దగా దిగలేదు. డాక్టరు నా వంక అనుమానంగా చూశాడు, దొంగతనంగా తింటున్నానేమోనని! ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా కిందకి దింపి, మీ మావయ్య భూతద్దం తీసుకుని చదవడం మొదలుపెట్టాను. పోపుల డబ్బా పక్కనే దొరికింది దొంగ. ఇంగువ. చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది.

ఉత్త ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి పిండో, జిగురో కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. ముద్ద ఇంగువైతే స్వచ్ఛమనుకుంటారు గానీ అందులోనూ కలిపేవాళ్ళున్నారు. మన చారులో ఇంగువ, పులిహోరలో ఇంగువ, మాగాయ పోపులో ఇంగువ, అప్పడాల్లో ఇంగువ. చిటికెడే కదా అంటారు. రోజూ రెండు పూటలా చిటికెడు! బియ్యప్పిండి కలిపినది కూడా దొరుకుతుంది, వెతికి తెచ్చుకో. దొరికేదాకా వెల్లుల్లితో పోపు పెట్టుకో. ఏ ఇంగువ వేశారో తెలిసేదాకా మీ అత్తగారు పంపిన అప్పడాలూ పక్కన పెట్టు.

రెండోది పిండి మర. జొన్నల్లో గ్లూటెన్ లేదు, బియ్యంలో లేదు. కానీ నీ ముందు పట్టించుకున్నవాళ్ళ గోధుమపిండి ఆ మరలోనే ఉంటుంది. నీ జొన్నపిండి దానితో కలిసే బయటికొస్తుంది. నేను చిన్న గ్రైండర్ కొనుక్కుని ఇంట్లోనే పట్టుకుంటున్నాను. కొనేవైతే గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్నవే కొను. మన దేశంలో ఆ మాట వేయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అలాగని ఆ బిస్కెట్లకి అలవాటు పడకు. ఖరీదు ఎక్కువ, లోపల చూస్తే పిండీ పంచదారే. ఓట్స్ కూడా గోధుమ కలవకుండా వచ్చినవని రాసి ఉంటే తప్ప వద్దు, అవైనా డాక్టర్ని అడిగే తిను. జ్వరమొస్తే మీ అమ్మ కలిపిచ్చే హార్లిక్స్‌లో గోధుమా, బార్లీ రెండూ ఉంటాయి. మాల్ట్ అని ఎక్కడ కనబడినా అది బార్లీయే అనుకో. ఆఫీసు పార్టీల్లో ఏం తాగుతారో నేనడగను, నువ్వు చెప్పొద్దు. బీరు బార్లీతో చేస్తారని మాత్రం గుర్తుంచుకో.

రాత్రిళ్ళు మీ ఆయనకి చపాతీ ఉండాలట కదా. చేసుకోనీ, పాపం. కానీ చపాతీల పీట, కర్ర, పెనం ఆయనవి వేరు, నీవి వేరు. నీ అట్లు ఆ పెనం మీద పోయొద్దు. పూరీలు వేగిన నూనెలో నీ అప్పడం వేయించొద్దు. నీకూ రొట్టె తినాలనిపిస్తే జొన్నరొట్టె నేర్చుకో. మన గోదావరి వైపు వాళ్ళకి అది రాదు. నాకు పక్కింటి నిజామాబాద్ ఆవిడ నేర్పింది. గోధుమపిండి సాగేది గ్లూటెన్ వల్లే. జొన్నపిండికి ఆ సాగుడు లేదు కాబట్టి చల్లనీళ్ళతో కలిపితే అంచులు పగిలిపోతాయి. మరుగుతున్న నీళ్ళు పోసి, చెయ్యి ఓర్చుకోగానే బాగా పిసికి, ఎప్పటికప్పుడు తట్టుకోవాలి. మొదటి నెల నావన్నీ భారతదేశం పటంలా వచ్చాయి. ఉప్మా మీదకి మనసు పోతే బియ్యపు రవ్వతో ఉప్పిండి చేసుకో, పెసరపప్పు వేసి. మా అమ్మ చేసేది అదే. బొంబాయి రవ్వ మోజులో పడి మనమే మర్చిపోయాం.

అన్నిటికంటే కష్టం మొహమాటం. "కొంచెం తింటే ఏం కాదులే" అని కనీసం వందమంది అంటారు, అందరూ ప్రేమతోనే అంటారు. నేను అందుకు లొంగింది సత్యనారాయణ వ్రతం ప్రసాదం దగ్గర. ప్రసాదం కాదంటే పాపమని కళ్ళు మూసుకుని మింగాను, నాలుగు రోజులు మంచం దిగలేదు. తర్వాత మా పురోహితుడు గారే చెప్పారు, గోధుమ లేకపోతే బియ్యప్పిండితో చేయొచ్చని వ్రతకథలోనే ఉందట. ఎన్నేళ్ళు విన్నాను ఆ కథ, ఒక్కసారీ ఆ ముక్క చెవిన పడలేదు! ఇప్పుడు మా ఇంట్లో ప్రసాదం బియ్యప్పిండితోనే. పరాయి ఇళ్ళలో కళ్ళకద్దుకుని పక్కవాళ్ళ చేతిలో పెడతాను. అన్నవరం ప్రసాదమూ గోధుమ నూకే, అదీ అంతే.

పెళ్ళిళ్ళకి వెళ్తే ముందు ఇంట్లో తినేసి వెళ్ళు. వడ్డించేవాళ్ళని "మైదా ఉందా" అని అడిగితే లేదనే అంటారు, వాళ్ళకేం తెలుసు. వంటమేస్త్రీని అడుగు. "దేంతో చేశారు, చిక్కదనానికి ఏం కలిపారు" అని అడిగితే నిజం చెబుతాడు. నేను పెరుగన్నంతో లేచిన పెళ్ళిళ్ళు చాలా ఉన్నాయి.

ఆదివారం మీ నాన్న హైదరాబాద్ వస్తున్నాడుగా, ఆయన చేత ఒక జల్లెడ పంపిస్తున్నా. పిండి జల్లెడని ఎంత కడిగినా కన్నాల్లో పాత పిండి పోదు, అందుకని కొత్తది. అంచుకి ఎర్ర దారం కట్టాను. మీ ఆయన్ని దాన్ని ముట్టుకోవద్దను. మీ నాన్న బయల్దేరేలోగా ఆ టీటీజీకి రక్తం ఇచ్చాడో లేదో నేను కనుక్కుంటాలే.

మీ అత్త