పవర్ అంటే శక్తా, సామర్థ్యమా?

సందేహం: అయ్యా, మా మనవడు పదో తరగతి. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే నిరోధం, రెంటినీ గుణిస్తే సామర్థ్యం అని వల్లె వేస్తున్నాడు. గీజరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఆ రెండోదాన్ని పవర్ అన్నాడు. పవర్ అంటే శక్తి కదా? సామర్థ్యం మనుషులకు ఉండేది గానీ గీజరుకు ఉంటుందా? పుస్తకంలో తప్పు పడిందేమో చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, మర్రిపాలెం, విశాఖపట్నం

సమాధానం: తప్పు పడలేదమ్మా. మీ గీజరుతోనే లెక్క చూద్దాం. 230 వోల్టుల దగ్గర అది 10 ఆంపియర్లు లాగుతోందనుకోండి. నిరోధం 23 ఓములు, సామర్థ్యం 2300 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి, అరగంట వేసి ఉంచితే మీటరులో 1.15 యూనిట్లు తిరుగుతాయి. ఆ యూనిట్లు శక్తి. సెకనుకు ఎంత శక్తి ఖర్చవుతోందో చెప్పేవి వాట్లు, అంటే సామర్థ్యం. మీకు బిల్లు వచ్చేది శక్తికి.

మాటల పుట్టుక చూస్తే మాత్రం మీ అనుమానం సబబే. శక్తి 'శక్' ధాతువు నుంచి వచ్చింది, చేయగలగడం అని అర్థం. సమర్థుడి గుణం సామర్థ్యం. అదీ చేయగలగడమే. అందుకే తెలుగువాళ్లం 'శక్తిసామర్థ్యాలు' అని రెంటినీ జంటగా వాడుకుంటూ వచ్చాం. భౌతికశాస్త్రం వాళ్లకు రెండు వేరువేరు మాటలు కావలసివచ్చి ఈ జంటను విడదీసి పంపకాలు పెట్టారు. అటుది ఇటు ఇచ్చినా అడిగేవాడు లేడు.

నన్ను అడిగి ఉంటే (ఎవరూ అడగలేదనుకోండి) పవర్‌కు అచ్చతెలుగు మాట ఒకటి ఇచ్చేవాణ్ని. లావు. నవ్వకండి. ఇవాళ లావంటే ఒళ్లు, తగ్గించుకోవలసిన వస్తువు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లందరి బాధా అదే. పోతన గజేంద్రుడు ఏమన్నాడు?

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్

ఈ మాట అంటున్నది ఏనుగని గుర్తుపెట్టుకోండి. మొసలి పట్టుకున్నాక కూడా దాని ఒళ్లు కొండంత అలాగే ఉంది. పోయింది లావు. ఒళ్లు ఉండీ లావు లేకుండా పోవచ్చునని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఒక కాలేజీ కుర్రాడు నా ఎదుటే ఈ పద్యానికి 'ఏనుగు చిక్కిపోయింది' అని అర్థం చెప్పాడు. వాణ్ని అని ఏం లాభం? మాటే చిక్కిపోయింది. సుమతీ శతకంలోనూ ఏనుగే:

లావుగలవానికంటెను
భావింపఁగ నీతిపరుఁడు బలవంతుండౌ
గ్రావంబంత గజంబును
మావటివాఁడెక్కినట్లు మహిలో సుమతీ!

గ్రావం అంటే కొండరాయి. అంత ఏనుగు మీద బక్కపలచటి మావటివాడు ఎక్కి కూర్చుంటాడు. ఇక్కడ లావుకు బలమనీ స్థూలమనీ రెండర్థాలూ తగులుతున్నాయి. ఆ రెండో అర్థమే మొదటిదాన్ని మింగేసిందని నా ఊహ. బలశాలిని 'లావరి' అనేవారు, ఆ మాట ఇప్పుడు నిఘంటువు దాటి బయటికి రాదు.

చిత్రమేమంటే కరెంటు పనివాళ్ల దగ్గర ఈ రెండర్థాలూ ఇప్పటికీ కలిసే బతుకుతున్నాయి. "గీజరుకు లావు తీగ వెయ్యాలమ్మా" అంటారు. తీగ వ్యాసం రెట్టింపైతే నిరోధం నాలుగో వంతుకు పడిపోతుంది, ఎక్కువ కరెంటును వేడెక్కకుండా మోస్తుంది. లావు తీగకు లావుంది మరి!

నిరోధం సంగతి ఒక్క మాటలో చెబుతాను. చిత్తవృత్తి నిరోధం అన్నప్పుడు యోగసూత్రాలు రాసిన పతంజలి ఉద్దేశం మనసు పోకడలను పూర్తిగా నిలిపివేయడం. గీజరు కరెంటును నిలిపివేయదు, అడ్డుపడుతుందంతే. అవరోధం అంటే ఇంకొంచెం అతికేది. స్థిరపడ్డ మాటను ఇప్పుడు కదపలేం. ఓము అనేది 1827లో ఆ నియమం ప్రకటించిన జర్మన్ శాస్త్రవేత్త పేరు, ఓంకారంతో చుట్టరికం లేదు.

నాకు చిరాకు పుట్టించేది పత్రికల భాష. పరవాడ దగ్గరి సింహాద్రి ప్లాంటు సామర్థ్యం 2000 మెగావాట్లు అని రాస్తే సరే. 'రోజుకు ఇన్ని మెగావాట్ల ఉత్పత్తి' అని రాస్తారు చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. వాటులోనే సెకను దాగి ఉంది, మళ్లీ రోజుకేమిటి? బండి రోజుకు గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లిందన్నట్టు! దానికి తోడు మేఘాద్రిగెడ్డ జలాశయం నీటి నిల్వకూ సామర్థ్యమే, ఉద్యోగి పనితనానికీ సామర్థ్యమే. ఒక్క మాట మీద ఇంత లోడు వేస్తే ఎలా?

'విద్యుత్ శక్తి' అని విడదీసి రాయడాన్ని కూడా తిట్టాలని ఉంది గానీ, విద్యుచ్ఛక్తి, విద్యున్నిరోధం అని రాయమంటే మీ మనవడు నన్ను తిడతాడు. వదిలేశాను.

పరీక్షలో సామర్థ్యం అనే రాయమనండి. శక్తి అని రాస్తే సైన్సు మాస్టారు మార్కు కోస్తారు, కోయాలి కూడా. ఇంట్లో మీరు శక్తి అంటే తప్పని మాత్రం నేను తీర్పు చెప్పలేను. పవర్ అన్నా పలుకుతాను. ఇంతకీ ఆ ఎలక్ట్రీషియన్ మీ గీజరుకు లావు తీగే వేశాడో లేదో ఒకసారి కనుక్కోండి.