కామిక్ కాన్‌కు వస్తున్న అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బొమ్మల కథల అభిమానులు తమకు నచ్చిన పాత్రల వేషాలు వేసుకొని వచ్చే ఆ వేడుకకు, హైదరాబాద్ కామిక్ కాన్‌కు, పిల్లలిద్దరినీ తీసుకొని వస్తున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. అయితే అల్లుడుగారు పిల్లలను గేటు దగ్గర దింపి, మీరిద్దరూ చార్మినార్ వైపు వెళ్దామంటున్నారట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దయచేసి అలా చేయకండి. నేను మనవలతో నాలుగుసార్లు వెళ్లాను. లోపల పిల్లలు ఎంత మాట్లాడతారో, ఇంట్లో మనకు ఎంత తక్కువ చెబుతారో అక్కడే తెలిసింది.

తిరుపతిలో పుట్టిన నీకు ఆ వేషాలు కొత్తగా అనిపించనక్కర్లేదు. గంగజాతరలో మీ నాన్న ఒంటినిండా నామంకొమ్ము పూసుకొని బైరాగి వేషంలో వీధిలోకి వస్తే, ఆయన భుజమెక్కి ఊరేగినదానివి నువ్వు. చీర కట్టి, పూలు ముడుచుకొని, బుగ్గన చుక్క పెట్టుకున్న మగవాళ్లను ఆ రోజుల్లో ఎవరైనా ‘ఇదేం వేషం’ అని అడిగారా? అక్కడ మొక్కు, ఇక్కడ అభిమానం. కానీ ఒక పాత్రను ఒంటిమీదకు తెచ్చుకోవడానికి పడే కష్టం మాత్రం ఒక్కటే. పిల్లలు దాన్ని కాస్‌ప్లే అంటారు.

ఇది తెలిసి కూడా నేను ఒకసారి తప్పు చేశాను. మనవరాలికి అప్పుడు పద్నాలుగేళ్లు. ఫోమ్ షీట్లు కత్తిరించి, అతికించి, రంగులు వేసి మూడు వారాలు కూర్చొని కవచం చేసుకుంది. నీలం రంగు విగ్గు పెట్టుకుంది. గేటు దగ్గర, స్నేహితుల ఎదుట, ‘ఆ జుట్టేమిటే, తెలిసినవాళ్లు చూస్తే ఏమనుకుంటారు’ అన్నాను. ఏమీ అనలేదు. విగ్గు తీసి సంచిలో పెట్టుకుంది. సాయంత్రం దాకా మళ్లీ పెట్టుకోలేదు. ఇప్పటికీ ఆ సంచి గుర్తొస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. మరుసటి ఏడాది వారం ముందే పక్కన కూర్చొని, ‘నువ్వు వేసేది ఎవరిని? ఆమె కథ చెప్పు’ అన్నాను. అంచులు కుడుతూ రెండు గంటలు చెప్పింది. నువ్వు కూడా బయలుదేరే ముందు ఒక సాయంత్రం ఆ ప్రశ్న అడుగు. పేర్లు నోరు తిరగకపోయినా ఫరవాలేదు, కథ విను.

ఇక ప్రయాణం సంగతి. నారాయణాద్రి రైల్లో వస్తే సికింద్రాబాద్‌కు కాకుండా లింగంపల్లికే టికెట్టు తీసుకోండి. ఈ వేడుక జరిగే హైటెక్స్ ప్రదర్శనశాల అక్కడి నుంచే దగ్గర. నగరంలో మరో వైపు బస చేస్తే మెట్రోలో హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి, కారు తెచ్చి ఆ దారిలో నిలబడిపోవద్దు. హైదరాబాద్‌లో ఇది 2013లో మొదలైంది. ఇటీవల శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులు జరుగుతోంది. తేదీలు ఒక్కో ఏడాది ఒక్కోలా ఉంటాయి కనుక అవి చూసుకున్నాకే రైలు టికెట్లు తీసుకోండి. ప్రవేశ టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనండి. శనివారం జనం తోసుకుంటారు. చిన్నదానికి బడి ఒక రోజు పోయినా సరే, శుక్రవారం పెట్టుకోమంటాను.

వేషం వేసుకొనే వచ్చేయాలి. లోపల మార్చుకోవడానికి చోటు ఉంటుందని నమ్ముకోవద్దు. పెద్దవాడు కత్తో గొడ్డలో పట్టుకుంటే అది ఫోమ్‌తోనో అట్టతోనో చేసినదై ఉండాలి, నిజమైన ఇనుమూ పదునూ తనిఖీలో ఆపేస్తారు. రంగు లెన్సులు పెట్టుకుంటానంటే ముందు కంటి డాక్టరుకు చూపించు. స్నేహితుల లెన్సులు మార్చుకోవడం ససేమిరా కుదరదని గట్టిగా చెప్పు, ఇందులో మాత్రం మెత్తబడకు. నీ చేతిసంచిలో పిన్నీసులు, సూదీదారం, గమ్ము, చిన్న టేపు చుట్ట ఉంచుకో. మధ్యాహ్నానికి ఏదో ఒకటి ఊడుతుంది, అప్పుడు పిల్లలు వెతికేది నిన్నే. కొత్త బూట్లు ఎవరికీ వద్దు.

భోజనం పన్నెండు కాకముందే ముగించండి. ఆ తరువాత తిండి స్టాళ్ల దగ్గర వరుస కదలదు. జనంలో ఫోను కలవకపోవచ్చు. అందుకని వెళ్లగానే ఒక చోటు అనుకోండి, రెండు గంటలకొకసారి అందరూ అక్కడికి రావాలి. మధ్యలో పిల్లలను వాళ్ల స్నేహితులతో తిరగనివ్వు. పదహారేళ్లవాడి వెనకాలే నడిస్తే వాడు ఏ స్టాలు ముందూ నిలబడడు.

ఫొటోల గురించి చిన్నదానికి ప్రత్యేకంగా చెప్పు. వేషం బాగుంటే చాలామంది వచ్చి అడుగుతారు. తనకు ఇష్టమైతే నిలబడాలి, లేకపోతే ‘వద్దండీ’ అనాలి. భుజం మీద చేయి వేయడానికి ఎవరికీ హక్కు లేదు. మీరు కూడా అంతే, అడగకుండా ఎవరి ఫొటో తీయకండి.

ఖర్చుకు ఇంత అని ఎవరి డబ్బు వాళ్ల చేతికే ఇచ్చేయి. మా మనవడు మొదటిసారి అంతా గంటలో బొమ్మలకు పోశాడు. రెండోసారి సాయంత్రం దాకా తిరిగి, తానే బొమ్మలు గీసి అమ్ముకుంటున్న ఒక అమ్మాయి దగ్గర రెండు చిత్రాలు కొన్నాడు. అలాంటి చిత్రకారుల బల్లలున్న వరుసకు తప్పకుండా వెళ్లండి, నాకు అక్కడే ఎక్కువ ఇష్టం. కూరల కొట్లో బేరమాడినట్టు బేరమాడకండి. ఏ కాగితం మీద గీశారు, ఎన్నాళ్లు పట్టింది అని అడగండి, కళ్లు మెరుస్తూ చెబుతారు. మీ పెద్దవాడు నోటు పుస్తకాల వెనక గీస్తుంటాడని మీ అమ్మ అన్నది. ఆ పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకోమను. చూపించాలా వద్దా అన్నది వాడి ఇష్టం, నువ్వు తీసి చూపించకు.

అల్లుడుగారు అలసిపోతే వేదిక ముందు కుర్చీ చూసుకొని కాస్‌ప్లే పోటీ చూడమను. ఆయనకు నాటకాలంటే ప్రాణం కదా.

తిరుగు రైలు అదే రాత్రికి పెట్టుకోకండి. ఆ రాత్రి పిల్లలు నిద్రపోరు, చెప్పడానికి చాలా ఉంటుంది. మా ఇంట్లో పడకలు వేయించి ఉంచుతాను. పులిహోర కూడా కలిపి పెడతాను. విగ్గుల జిగురు వదలడానికి కొబ్బరినూనె ఇక్కడే ఉంది, నువ్వు మోసుకురాకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ