స్నేహితురాలు చెప్పకుండా వెళ్లిపోయింది, వయొలిన్ ముట్టుకోబుద్ధి కావడం లేదు

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. ఎనిమిదో ఏట నుంచి నేనూ నా స్నేహితురాలూ ఒకే మాస్టారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాం. ఏటా త్యాగరాజ ఆరాధనలో పక్కపక్కనే కూర్చుని పంచరత్నాలు వాయించేవాళ్లం. "నువ్వు లేకపోతే నేను వేదిక ఎక్కను" అని ఆమెతో ఎన్నోసార్లు అన్నాను. కిందటేడు ఆమె చెన్నైలో మరో గురువు దగ్గర చేరింది. ఆ సంగతి నాకు చెప్పలేదు. క్లాసులో ఒక చిన్నపిల్ల చెబితే తెలిసింది. అప్పటినుంచి వయొలిన్ పెట్టె తెరవలేదు. క్లాసులోని మరో అమ్మాయి వారం వారం ఫోన్ చేస్తుంది, ఎత్తబుద్ధి కాదు. రాత్రి మూడింటిదాకా సంగీతం మీద వచ్చిన జపాన్ యానిమేలు చూస్తుంటాను. వాటిలో స్నేహితులు ఒకరికోసం ఒకరు ప్రాణం పెడతారు. 'లిజ్ అండ్ ది బ్లూ బర్డ్' నాలుగుసార్లు చూసి నాలుగుసార్లూ ఏడ్చాను. "బొమ్మల సినిమాలకు ఏడుపేమిటి" అని అమ్మ విసుక్కుంటుంది. చిన్నప్పుడు నన్ను స్కూటర్ మీద క్లాసుకు తీసుకెళ్లింది అమ్మే, ఇప్పుడు ఆమెతోనూ మాటల్లేవు. అలాంటి స్నేహం నిజంగా ఉండదా? ఆమెను మరిచిపోవాలా? ఈ సినిమాలు మానేయాలా?

జవాబు: ఆ సినిమాను మీరు నాలుగుసార్లు చూశారు, నేను రెండుసార్లు చూశాను, రెండోసారి మీ ఉత్తరం చదివిన తరువాత. అది మీ కథకు ఎంత దగ్గరగా ఉందో గమనించినప్పుడు మీ కన్నీళ్లు నాకు వింతగా అనిపించలేదు. చూడనివారికోసం నాలుగు మాటలు చెబుతాను. క్యోటో యానిమేషన్ సంస్థ కోసం నవోకో యమాడా దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2018లో వచ్చింది. క్యోటో పక్కనున్న ఉజి పట్టణంలో ఒక ఉన్నత పాఠశాల వాద్యబృందం, అందులో సన్నాయిలాంటి ఓబో వాయించే మిజోరె, ఫ్లూటు వాయించే నొజొమి అనే ఇద్దరు స్నేహితురాళ్లు, వారిద్దరి వాద్యాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నట్టు సాగే ఒక సంగీత రచన: కథంతా ఇంతే.

అయితే ఈ ఇద్దరి కథకు ముందుభాగం ఒకటి ఉంది. ఆయానో తకేదా నవలల ఆధారంగా 2015లో మొదలైన 'సౌండ్! యూఫోనియం' ధారావాహికలో, 2016లో వచ్చిన రెండో భాగంలో అది కనిపిస్తుంది. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు గనుక మీరు చూసి ఉండకపోవచ్చు. మొదటి సంవత్సరంలోనే నొజొమి మరికొందరితో కలిసి బృందం నుంచి బయటికి వెళ్లిపోతుంది, ఆ మాట మిజోరెకు చెప్పదు. తనను వాద్యసంగీతంలోకి తీసుకువచ్చిన మనిషే తనకు చెప్పకుండా వెళ్లిపోయిందన్న దెబ్బ మిజోరెకు ఎంత లోతుగా తగులుతుందంటే, తరువాత ఎప్పుడో దూరం నుంచి నొజొమి ఫ్లూటు వినిపించినా ఆమెకు కడుపులో తిప్పుతుంది. చివరికి ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకున్నప్పుడు బయటపడిన కారణం చాలా చిన్నది: అందరూ విసిగిపోయి ఉన్నప్పుడు మిజోరె ఒక్కతే కూర్చుని శ్రద్ధగా సాధన చేస్తూ ఉంటే, అలాంటి మనిషిని "నువ్వూ మానేసి వచ్చేయ్" అని పిలవడానికి నొజొమికి నోరు రాలేదు. ఏడాదికి పైగా ఒకరు మోసిన బరువు వెనుక రెండోవారి సంకోచం తప్ప నిర్లక్ష్యం లేదు.

మీ స్నేహితురాలి కారణం కూడా ఇదేనని నేను చెప్పలేను. ఆమెను నేను ఎరగను. కాని మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే ఆగకుండా దాటిపోయిన వాక్యం ఒకటి ఉంది: "నువ్వు లేకపోతే నేను వేదిక ఎక్కను." మీరు ప్రేమతోనే అన్నారు, సందేహం లేదు. అయినా 19 ఏళ్ల అమ్మాయి, చెన్నైలో గొప్ప అవకాశం చేతికి వచ్చిన రోజున, ఆ వాక్యాన్ని గుర్తు చేసుకుని ఉంటే ఏం చేస్తుంది? చెబితే మీరు వయొలిన్ మానేస్తారేమోనని భయపడుతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రోజులు గడిపి, చివరికి చెప్పే ధైర్యమే పోగొట్టుకుంటుంది. అది ఆమె తప్పే, మీకు చెప్పవలసింది. ఆ తప్పు ద్రోహం వల్ల జరిగిందో బెరుకు వల్ల జరిగిందో ఆమెను అడగకుండానే మీరు పదకొండు ఏళ్ల స్నేహం మీద తీర్పు రాసేశారు.

లిజ్ కథ సంగతి కూడా ఒకసారి చూద్దాం. సినిమాలో బృందం వాయించే ఆ సంగీత రచనకు ఆధారమైన పిల్లల కథలో ఒంటరిగా బతికే లిజ్ దగ్గరికి నీలిపిట్ట ఆడపిల్ల రూపంలో వస్తుంది; దాని రెక్కలు గుర్తించాక లిజ్ దాన్ని ఎగరనిస్తుంది. మిజోరె తనను లిజ్ అనుకుంటుంది, ఎగిరిపోయేది నొజొమి అనుకుంటుంది. అందుకే పిట్టను వదిలేసే లిజ్ మనసు ఆమెకు అంతుపట్టదు, ఓబో ముడుచుకుపోతుంది. పిట్ట వైపు నుంచి ఆలోచించి చూడమని ఉపాధ్యాయురాలు చెప్పిన తరువాత బృందమంతా కలిసి వాయించిన సాధనలో ఆ ఓబో మొదటిసారి పూర్తిగా గొంతు విప్పుతుంది, దాన్ని వింటూ వాయిస్తున్న నొజొమి ఫ్లూటు వణికి తడబడుతుంది, కళ్ల నుంచి నీళ్లు కారతాయి. ఇన్నాళ్లూ రెక్కలు ముడుచుకుని కూర్చున్నది ఎవరో ఆ క్షణంలో ఇద్దరికీ తెలుస్తుంది. మీరు ఉత్తరమంతా లిజ్ స్థానంలో కూర్చుని రాశారు. ఆమె పక్కన లేకపోతే మీ చేతిలో ఎంత సంగీతం ఉందో మీరు ఒక్కసారైనా విన్నారా?

యానిమేలలో స్నేహితులు ప్రాణం పెడతారన్న మీ మాటతో నాకు కొంత పేచీ ఉంది. వాటిలో కలయికల కంటే కీచులాటలే ఎక్కువ. 2012లో వచ్చిన 'కిడ్స్ ఆన్ ద స్లోప్'లో పియానో వాయించే కవోరు, డ్రమ్స్ వాయించే సెంతారో మాటలు మానేసుకుని ఉండగా, పాఠశాల ఉత్సవంలో కరెంటు పోయిన కాసేపట్లో ఏ క్షమాపణా లేకుండా జాజ్ వాయిస్తూ కలుసుకుంటారు. 2022లో వచ్చిన 'బోచీ ద రాక్!'లో నాయిక రోజుకు 6 గంటలు గదిలోని అల్మారాలో కూర్చుని గిటార్ సాధన చేసి, వీడియోలలో దిట్ట అనిపించుకుని, తీరా బృందంతో వాయించవలసి వచ్చేసరికి ఒక మామిడిపండ్ల అట్టపెట్టెలో దాక్కుని వాయిస్తుంది, అదీ అంతంత మాత్రంగా. పక్కవారి కళ్లలోకి చూడటం, వారి లయను వినడం ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. ఆ విద్య మీకు చిన్నప్పుడే వచ్చింది: పక్కనున్న కమాను ఏ అక్షరం దగ్గర తిరుగుతుందో చూడకుండానే తెలుసుకుని మీ కమానును అక్కడే తిప్పారు కదా. అది ఒక్క మనిషితోనే చెల్లే విద్య అని మీకు ఎవరు చెప్పారు?

ఇక చేయవలసినవి. ఆమెకు మూడు వాక్యాలు రాయండి, అంతకు మించవద్దు. "నువ్వు చెన్నై వెళ్లిన సంగతి ఇంకొకరి నోట విని చాలా బాధపడ్డాను. ఎందుకు చెప్పలేదో నీ దగ్గరే వినాలని ఉంది. అక్కడ సాధన ఎలా సాగుతోంది?" ఎత్తిపొడుపులు వద్దు, పాత ఉపకారాల జాబితా వద్దు. ఆమె జవాబు మీరు కోరినట్టు ఉండకపోవచ్చు. సినిమాలో మిజోరె నొజొమిని కౌగిలించుకుని, ఆమె నవ్వు, నడక, మాట, ఒక్కొక్కటే ఎంత ఇష్టమో చెబుతుంది. బదులుగా నొజొమి అన్నది ఒక్కటే, "నాకు నీ ఓబో అంటే ఇష్టం" అని. మొదటిసారి చూసినప్పుడు నాకు ఆ జవాబు మహా కఠినంగా తోచింది. ఇప్పుడు మాత్రం, ఆమె అప్పటికి ఇవ్వగలిగినది నిజాయితీగా ఇచ్చిందనిపిస్తుంది.

వయొలిన్ పెట్టె తెరవండి. తీగలు జారి ఉంటాయి, ఒకటి రెండు మార్చవలసి రావచ్చు. పంచరత్నాలు ఇప్పుడే వద్దు, వాటిలో ఆమె పక్కన కూర్చుని ఉంటుంది. మీకు ఒక్కరికే చెందిన వర్ణం ఏదైనా పావుగంట వాయించండి. రాత్రి మూడింటిదాకా మెలకువ మాత్రం నాకు నచ్చలేదు. సినిమాలు మానమని అనను, సాయంత్రానికి మార్చుకోండి. అలా మార్చినా రెండు వారాల పాటు నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించడం లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

వారం వారం ఫోన్ చేసే ఆ అమ్మాయి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. ఆ ధారావాహికలో మిజోరె పక్కన యూకో అనే స్నేహితురాలు ఉంటుంది. నొజొమి తప్ప తనకెవరూ లేరని మిజోరె ఏడుస్తుంటే, "మరి నేను నీకేమవుతాను?" అని కోప్పడేది ఆమే. ఈ వారం ఫోన్ ఎత్తండి.

సినిమా అయిదోసారి చూడాలనిపిస్తే అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదట్లో చాలాసేపు మాటలు దాదాపు ఉండవు. బడి మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని ఇంకొకరి అడుగుల చప్పుడు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మీ క్లాసు అయ్యేదాకా మాస్టారి ఇంటి బయట స్కూటర్ దగ్గర అన్నేళ్లు నిలబడ్డ మనిషికి ఆ సన్నివేశం అర్థం కావడానికి జపనీస్ రానక్కరలేదు.