మనోభావాలు దెబ్బతిన్నాయంటే నేరమైపోతుందా?

ప్రశ్న: గ్రంథాలయంలో జరిగిన చర్చలో ఒక ధర్మశాస్త్ర శ్లోకం చదివి, అది అంటరానితనాన్ని సమర్థిస్తోందని విమర్శించాను. గంట ప్రసంగంలో 40 సెకన్లు కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు. మనోభావాలు దెబ్బతిన్నాయని ఒకరు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. అరెస్టు చేస్తారా? క్షమాపణ రాసిస్తే సరిపోతుందా?

జవాబు: ఎవరి మనసో నొచ్చుకున్నంత మాత్రాన నేరం కాదు. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 295ఏ, కింద కేసు నిలవాలంటే ఒక వర్గం మత భావాలను కావాలని, ద్వేషబుద్ధితో గాయపరచే ఉద్దేశం ఉండాలి. తెలియకో, అజాగ్రత్తగానో అన్నమాట దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే రామ్‌జీలాల్ మోదీ కేసులో చెప్పింది. అనంతపురంలో దాఖలైన ఫిర్యాదును 2017లో కొట్టేసి క్రికెటర్ ధోనీకి ఊరటనిచ్చింది కూడా ఈ సూత్రంతోనే.

అలాగని తేలిగ్గా తీసుకోకండి. మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం, పైగా నాన్ బెయిలబుల్. అయితే ఫిర్యాదు అందగానే ఎఫ్ఐఆర్ కట్టితీరాలని లేదు. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3) ప్రకారం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరపొచ్చు. మాటలు, రాతల మీద వచ్చే ఇలాంటి ఫిర్యాదుల్లో ఆ దారే సముచితమని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఊరికే నొచ్చుకునేవారి కొలతతో కాదు, గుండె దిటవున్న మనిషి కొలతతో మాటను తూచాలనీ చెప్పింది. ఆ తీర్పు ప్రతి జతచేసి ఎస్సైకి, డీఎస్పీకి వినతిపత్రం ఇచ్చి రసీదు తీసుకోండి.

మీకు ప్రాణాధారం పూర్తి రికార్డింగే. శ్లోకానికి ముందు, తర్వాత మీరేమన్నారో అందులోనే ఉంది. తీసిన ఫోనులో అసలు ఫైలును కదపకండి. వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోతుంది. ప్రతిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ ప్రతికి ఇచ్చే ధ్రువపత్రం, కావాలి.

ఆ రికార్డింగులో మీ వాక్యాలు నిజాయితీగా మళ్లీ వినండి. "ఈ శ్లోకం అన్యాయం, నేను ఒప్పుకోను" అన్నది విమర్శ. "దీన్ని నమ్మేవాళ్లను ఊళ్లోంచి తరమాలి" అన్నారా, అది మనుషుల మీదికి పోయినట్టే. అప్పుడు వర్గాల మధ్య వైరం పెంచారంటూ న్యాయ సంహిత 196వ సెక్షన్ కూడా మెడకు చుట్టుకోవచ్చు.

స్టేషన్లో కూర్చుని క్షమాపణ రాయకండి. "అవమానించాను, తప్పయింది" అన్న కాగితాన్ని రేపు మీ ఉద్దేశానికి రుజువుగా చూపుతారు. చెప్పాలనిపిస్తే "ఎవరినీ నొప్పించడం నా ఉద్దేశం కాదు" అన్నంత వరకే, అదీ వకీలుకు చూపించాకే.

హాజరు కమ్మని పోలీసుల నుంచి నాగరిక్ సురక్షా సంహిత 35(3) నోటీసు వస్తే (కింద చెప్పే సెక్షన్లన్నీ ఈ సంహితవే) చెప్పిన తేదీకి తప్పక వెళ్లండి. ఎగ్గొడితే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్టు. అరెస్టు భయం నిజంగా ఉంటే 482 కింద ముందస్తు బెయిలుకు వెళ్లండి. ఛార్జిషీటు వేస్తే ముందుగా 217వ సెక్షన్ కింద ప్రభుత్వ అనుమతి ఉందో లేదో వకీలును చూడమనండి. అది లేకుండా కోర్టు ఈ కేసును విచారణకు స్వీకరించకూడదు. ఎఫ్ఐఆర్ కట్టాక కొట్టివేయమని 528 కింద హైకోర్టుకు వెళ్లొచ్చు. ఆ పిటిషన్‌కు ప్రసంగం మొత్తాన్ని అక్షరం పోకుండా రాయించి జతచేయండి.